మల్లమ్మ బావికి నీళ్లెక్కడివి?

బీదర్‌లో ఎక్కడ గుంత కనపడినా అది గోల్కొండ దాకా పోయే సొరంగమే. ఎవర్ని అడిగినా ఇదే మాట. అందులో గుర్రాలు పోయేవట, అదీ రెండేసి పక్కపక్కన! ఆ గుర్రాల డెక్కల గుర్తు ఒక్కటైనా చూద్దామని సర్వీసు పొడుగునా కనపడిన గుంతలన్నిట్లోనూ దిగాను. మేక ఎముకలు దొరికాయి, ఎవరిదో ఒంటి చెప్పు దొరికింది, ఓసారి నాగుపాము బుస్సుమంది. గుర్రాల జాడ మాత్రం లేదు.

నేను పాత కట్టడాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. పుట్టింది జహీరాబాద్ వైపు. ఉద్యోగం బీదర్‌లో వచ్చింది, ఇక్కడే పాతుకుపోయాను. పాత గోడో, మెట్లో, కాలువో కనిపిస్తే టేపు పట్టి కొలిచి కాగితం మీదికి ఎక్కించడం నా పని. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకు ప్రమోషన్ల సంగతి, బిల్లుల సంగతి నేను చెప్పక్కర్లేదు. మీ సీనియర్లు మొదటిరోజు టీ తాగేలోపే అవన్నీ చెప్పేస్తారు. వాళ్లకు చెప్పాలని తోచనివి కొన్ని ఉన్నాయి, అవి నేను చెబుతాను. ముఖ్యంగా ఒక కాలువ గురించి చెప్పాలి. దాని పేరెత్తితే ఇప్పటికీ నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు.

ఇద్దరు సార్లు

నాకు పని నేర్పింది మొదటి సార్. కమలనగర్ ఆయన. ఇంట్లో మరాఠీ, ఆఫీసులో కన్నడ, నాతో మాట్లాడేటప్పుడు అన్నీ కలిపిన సొంత తెలుగు. కోట చూపించినా, గోరీ చూపించినా, కూలిపోయిన స్నానాల గది చూపించినా ఆయన అడిగేది ఒక్కటే. "పానీ కిధర్ సే, కిధర్ కో?" నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎటు పోయాయి? దానికి జవాబు చెప్పలేకపోతే మనం ఇంకేం చెప్పినా వినేవాడు కాదు.

ఓ వానాకాలం నన్ను బస్టాండు ముందు మోరీ దగ్గరికి తీసుకెళ్లి గొడుగు కింద నిలబెట్టాడు. "ఆ ఇటుకముక్క చూడమ్మా. నీళ్లొచ్చే దిక్కు కడిగినట్టున్నది. పోయే దిక్కు సన్నటి ఇసుక తోక లెక్క పేరుకున్నది. వాన ఆగినా తోక ఉంటది. తోక ఎటుంటె నీళ్లు అటు పోయినట్టు" అన్నాడు. మేమిద్దరం మోరీలోకి వంగి చూస్తుంటే దారినపోయే పెద్దాయన ఒకాయన ఆగాడు. "ఉంగరం పోయిందా?" అని అడిగి, జవాబు వినకుండానే పంచె ఎగ్గట్టి వెతకడం మొదలుపెట్టాడు. సార్ ఆయన్నీ వదల్లేదు, ఇసుక తోక చూపించి పాఠం చెప్పాడు. పెద్దాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన సార్‌కు అన్నీ తొందరే. మంచివాడే, సాయం అడిగితే కాదనేవాడు కాదు, కానీ నిలకడ లేదు. ఒక తోటలో కమాను ఉన్న గుంత బయటపడగానే రాజుల రహస్య సొరంగం దొరికిందని విలేకర్లను పిలిచేశాడు. వద్దు సార్, అవతలి కొస చూశాక చెబుదామని మొత్తుకున్నాను. వింటేనా! మెడలో దండతో, చేతిలో టార్చితో లోపలికి పోయాడు. ఫొటోలు తీయడానికి అందరూ అవతలి వైపు కాచుకుని ఉన్నారు. చాలాసేపటికి ఆయన పక్కనున్న పాత హమాము, అంటే స్నానాల గది, మురుగు తూములోంచి నడుముదాకా నల్లటి బురదతో బయటికొచ్చాడు. దండ లోపలే పోయింది. మేం నవ్వు ఆపుకోలేక గోడ చాటుకు పోయాం, పాపం ఆయన కూడా చివరికి నవ్వేశాడు. ఏ కాలువ గురించైనా రెండు కొసలూ చూసేదాకా నోరు తెరవకండి. ఈ ఒక్కటీ ఆయన దగ్గర నేర్చుకున్నాను.

అడవిలో గచ్చు

నా రిటైర్మెంటుకు కొంచెం ముందు, చలికాలం మొదట్లో, అటవీశాఖ వాచర్ యూసుఫ్ మామ ఫోన్ చేశాడు. మంగళగి దాటాక ఎర్రమట్టి మిట్ట మీద ఉన్న అడవి ఆయన బీటు. ఊరి పేరు మాత్రం చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

"మేడమ్, జల్ది రావాలె. మంట పాకకుంట గడ్డి కోస్తుంటె రాయి కట్టడం బయటవడ్డది. గోల్కొండ సురంగమే అంటున్రు అందరు!"

"గుర్రాలు కనపడ్డాయా మామా?"

"గుర్రాలు లేవు గని, కుందేళ్లున్నయ్" అన్నాడు.

నేనూ, మా టెక్నికల్ అసిస్టెంటు బసవరాజూ మర్నాడే వెళ్లాం. టేకు చెట్లు, మోదుగలు, కింద నడవడానికి సందివ్వని సీతాఫలం పొదలు. ఆ పొదల నడుమ, ఎర్రరాయిలో తొలిచిన కాలువ! మనిషి కూర్చుంటే భుజాలు గోడలకు తగిలేంత వెడల్పు. పక్కలకు సున్నపు గచ్చు, దానిలో ఇటుక పొడి కలిపిన ఎరుపు. కొన్నిచోట్ల పైన బండలు కప్పి ఉన్నాయి, కొన్నిచోట్ల బండలు పోయి ఆకాశం కనపడుతోంది. అడుగున మట్టి, మట్టి మీద సన్నగా, చల్లగా, పారుతున్న నీళ్లు. ఎన్ని తరాల కింద వదిలేసిన కాలువో, ఇంకా పారుతోంది! ఎర్రరాయి వానాకాలమంతా తాగిన నీళ్లను చలికాలం దాకా మెల్లగా వదులుతుంది. ఆ ఊటే ఇది.

అబ్బ! మోకాళ్ల మీద కూలబడి చేత్తో మట్టి తీశాను. మలుపులో ఒక రాయి, రాయి వెనక గట్టిపడిన సన్న ఇసుక తోక. తోక అడవి అంచు వైపు, పొలాల వైపు చూస్తోంది. "బసవరాజూ, తోక! తోక చూడండి!" అని అరిచాను. ఆయన పామనుకుని ఎగిరి బండ మీదికెక్కాడు.

ఎప్పటిదని అడుగుతారు, అందరూ అడుగుతారు. బహమనీలదా, బరీదులదా, ఆ తర్వాతెవరో జాగీరుదారు తన తోట కోసం తవ్వించుకున్నదా? నాకు తెలియదు. గచ్చు పాతదని చెప్పగలను, అంతకు మించి ఒక్క అక్షరం చెప్పను. రాసిపెట్టిన రాయి దొరికేదాకా మీరూ చెప్పకండి.

మధ్యలో ఒక ముక్క శుభ్రం చేసి బొమ్మ గీయాలంటే నీళ్లు అడ్డం. దానికి ఎగువన ఇసుక బస్తాలు పేర్చి కట్ట వేశాం. నీళ్లు పక్కకు తిరిగి ఒక పగులులోంచి పొదల్లోకి పోయాయి. మా పని తీరిగ్గా సాగింది.

బావి మీద తాళం

దిగువకు పోయేకొద్దీ కాలువ నేలలోకి దిగింది. బండల కప్పు మీద మన్ను, మన్ను మీద పొదలు. ఉన్న కాలువ వాలునూ దిక్కునూ పట్టుకుని గీత పొడిగిస్తూ పోయాం. గీత అడవి దాటి కందిచేనులోకి వెళ్లింది. చేను మధ్యలో ఒక బావి, దాని మీద ఇనుప జాలీ, జాలీకి తాళం.

"ఏయ్! ఎవలు మీరు? బావి దిక్కు పోకున్రి!"

కొడవలి చేతిలో పట్టుకుని ఒకావిడ కందిచెట్లను తోసుకుంటూ వచ్చింది. పేరు మల్లమ్మ, చేను ఆవిడదే. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. నేను మా జహీరాబాద్ మాటలో పలకరించేసరికి కొడవలి దించింది.

"గా దిక్కుదానివా? మా అమ్మగారిల్లు గూడ గాడ్నే. గని అక్కా, నీళ్లు మాత్రం అడగకు. ఈ బావి నీళ్లు ముడితె పానం పోతది."

"ఎందుకూ?"

"బాణామతి."

చేతబడిని ఈ వైపు బాణామతి అంటారు. నవ్వకండి. మెదక్ నుంచి బీదర్ దాకా ఈ మాట వింటే నవ్వేవాళ్లు తక్కువ. మల్లమ్మ చెప్పింది ఇదీ. ఆవిడ భర్త సాయన్న, మరిది, భూమి పంచుకున్నారు. బావి వీళ్ల వాటాకు వచ్చింది. బావి పోయిందని మరిది భార్య నర్సమ్మ ఏడ్చింది, నాలుగు మాటలన్నది. ఆ ఏడు ఎళ్ళ అమావాస్య పండుగ మర్నాడు బావిలో కుంకుమ పెట్టిన కోసిన నిమ్మకాయలు తేలాయి, ఎర్రగుడ్డ పేలిక తేలింది. అప్పటినుంచి ఏటా అంతే.

"మనిషెవడన్న ఏస్తున్నడేమోనని జాలీ బిగిచ్చి తాళమేసినం. తాళంచెవి నా బొడ్ల ఉంటది. అయినా తేలినయ్! తాళమేసినంక గూడ వస్తున్నయంటె అది మనిషి పనా? బర్రె సచ్చింది. మా ఆయనకు కాళ్లు గుంజుతయ్. అంత నా యారాలు నర్సి చేస్తున్నదే."

"మరి ఇప్పుడేం చేస్తారు?"

ఆవిడ గొంతు తగ్గించింది. "వచ్చే ఎళ్ళమాసకు గూడ తేలితే ఊరోళ్లు దాని పండ్లు రాలగొడ్తమంటున్రు. పండ్లు లేకుంటె మంత్రం పలకదట. రాలగొట్టి ఊరవతలికి ఎళ్లగొడ్తరు. బావి గూడ పూడుస్తం."

ఎళ్ళ అమావాస్య దగ్గర్లోనే ఉంది.

"మల్లమ్మా, మీ బావికి నీళ్లు ఆ అడవి కాలువలోంచే వస్తున్నాయని నా నమ్మకం. మీ తాతలు బావి తవ్వినప్పుడు తెలియక కాలువను మధ్యలో కోసేసి ఉంటారు."

"నీళ్లొస్తయ్ సరె. నిమ్మకాయలు గూడ నీ కాలువల్నే కాస్తయా అక్కా?"

టేపు చుట్టుకుని చేను దాటాను.

మర్నాడు అడవిలో గీత గీసుకుంటుంటే టేకు చెట్టు చాటున ఒకావిడ నిలబడి ఉంది. పిలిస్తే వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

"నువ్వు సర్కారు మనిషివట గద మేడమ్. నేను నర్సమ్మను. నేనేం చెయ్యలె. బావి పోయిందని ఏడ్చిన, తిట్టిన, అది నిజమే. తిట్టుడు తప్ప నాకేమొస్తది? మా అక్క మల్లమ్మ నా చేతి నీళ్లు గూడ ముడ్తలేదు. పొద్దూకితె తలుపేసుకుంటున్న." అని కొంగు ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది.

ఆఫీసుకు ఫోన్ చేశాను. అప్పటి మా సార్ కొత్తగా వచ్చినవాడు, జాగ్రత్త ఎక్కువ. "ఏన్రీ మేడమ్, కాలువ కొలవండ్రీ చాలు. బాణామతి కేసులు పోలీసులకు వదిలేయండ్రీ" అన్నాడు. పోలీసులకూ చెప్పాను. వచ్చి గట్టిగా హెచ్చరించి వెళ్లారు, వాళ్ల పని వాళ్లు చేశారు. కానీ తాళం వేసిన బావిలోకి నిమ్మకాయ ఎలా వచ్చిందో చెప్పడం ఎవరి పని? అది కాలువ పనే అయితే, కచ్చితంగా మా పని. ఆఫీసు వద్దన్నంత మాత్రాన మీ పని మీది కాకుండా పోదు. ఈ మాట నేను సార్‌తోనే అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

పై కొస

కింది కొస చూశాం, బావి దగ్గర. పై కొస ఇంకా చూడలేదు. ఆ రోజే ఎగువకు నడిచాం. యూసుఫ్ మామ లెక్కలో ఒక బీడీ కాల్చేంత దూరం. కాలువ ఒక గుంత దగ్గర మొదలవుతోంది. పైబండ పగిలి లోపలికి కూలింది, కింద ఊటనీరు నిండుగా ఉంది. గుంత చుట్టూ పసుపు మరకలు, ఆరిపోయిన ప్రమిదలు, పొద కొమ్మకు వేలాడుతున్న ఎర్రటి జాకెట్ గుడ్డ.

"ఇదేంటి మామా?"

"పైవూరోళ్ల గంగమ్మ. సాయన్నోళ్లు భూమి పంచుకున్న ఏడు మొక్కలకు గుంతలు తీసేటప్పుడు బండ పగిలి నీళ్లు కనవడ్డయ్. గంగమ్మ బయటికొచ్చిందని అప్పటి సంది ఎళ్ళమాస నాడు వచ్చి పూజ చేస్తరు. చరగ గూడ ఇందులనే ఏస్తరు."

ఎళ్ళ అమావాస్య మీకు తెలియకపోతే చెబుతాను. ఆ రోజు ఈ జిల్లాలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ. అందరూ సజ్జరొట్టెలు, కూరలన్నీ కలిపి వండిన బజ్జి, అంబలి కట్టుకుని చేలకు పోతారు. తినేముందు భూదేవికీ, గంగకూ చరగ అని ఇంత అన్నం చల్లుతారు.

"చరగలో ఏమేం వేస్తారు?"

"అన్నం, బజ్జి... నిమ్మకాయలు కోసి కుంకుమ వెట్టి ఏస్తరు. ఎర్రగుడ్డ..." అంటూ ఆయనే ఆగిపోయాడు.

నేను ఎంత గట్టిగా కేక వేశానో తెలియదు. బసవరాజు పరుగెత్తుకొచ్చాడు. నేను యూసుఫ్ మామ చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ముసలాయన "యా అల్లా, మేడమ్‌కు గాలి సోకింది!" అని గింజుకున్నాడు. పిల్లలూ, ఈ ఉద్యోగంలో అలాంటి క్షణం ఒక్కటి దక్కినా చాలు. బంగారం దొరికినా అంత సంతోషం ఉండదు!

అయితే నాకు తెలిస్తే సరిపోతుందా? నేను బయటి మనిషిని. కాలువ బొమ్మ తీసుకుపోయి మల్లమ్మ ముందు పరిస్తే ఆవిడేం చూస్తుంది, గీతలు చూస్తుంది. అందుకని బొమ్మ చుట్టి సంచిలో పెట్టి, ఉత్త చేతులతో వెళ్లాను. సాయన్నా, ఊరి పెద్దలూ ఉన్నారు.

"నా మాట నమ్మొద్దు మల్లమ్మా. పండుగనాడు నువ్వే పైకి రా. నీ చేత్తో నిమ్మకాయ వెయ్యి. నువ్వే వచ్చి నీ బావిలో చూడు. తాళం నీది, నిమ్మకాయ నీది. నర్సమ్మ పొద్దుటి నుంచి అందరి కళ్లముందు బావి గట్టు మీద కూర్చుంటుంది."

"రాకుంటె?" అని సాయన్న అడిగాడు.

రాకపోతే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. నర్సమ్మ దూరంగా గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. నన్ను చూసి తల ఊపింది. ఆ ఒక్క ఊపుతో ఆ మనిషి తన బతుకు తెచ్చి నా కాలువలో పెట్టింది.

ఎళ్ళ అమావాస్య

పొద్దున్నే పైవూరి ఆడవాళ్లు బుట్టలతో దిగారు. సంగతి చెబితే ముక్కున వేలేసుకున్నారు. "మా గంగమ్మకు ఏసింది మీ బావిలకు పోతున్నదా? ఇన్నేండ్ల సంది మా బజ్జి మీరు తింటున్రన్నమాట!" అని మల్లమ్మను ఆటపట్టించారు. మల్లమ్మ నవ్వలేదు. తన పచ్చచీర అంచు నోటితో కొరికి, సన్నటి పేలిక చింపి, నిమ్మకాయకు ముడి మీద ముడి వేసి కట్టింది. దాన్ని గుంతలోకి విసిరి, వెనక్కి చూడకుండా కిందికి నడిచింది. ఆ వెనక మిగతా ఆడవాళ్ల నిమ్మకాయలూ టపటపా పడ్డాయి. బసవరాజు పైనే ఉన్నాడు, రొట్టె తినిపోతానని.

బావి దగ్గర ఊరంతా ఉంది. నర్సమ్మ గట్టు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అందరం జాలీలోంచి కిందికి చూస్తున్నాం. నీళ్ల అంచున గోడకు మేడి మొక్క ఒకటి మొలిచి ఉంది, దాని వెనక నల్లటి సందు. అదే కాలువ నోరు అని నేను చూపించాను.

చూశాం. చూశాం. ఏమీ రాలేదు.

ఎండ నెత్తికెక్కింది. ఒకడు దగ్గాడు. ఒకడు "కాలువ గీలువ అంత ఒట్టిదే" అన్నాడు. నర్సమ్మ వెనక మనుషులు దగ్గరగా జరుగుతున్నారు. పెద్ద మొనగత్తెలా ఇంతమందిని పిలిచాను, ఇప్పుడు ఈ ఆడకూతురికి ఏమైనా అయితే?

"నీళ్లు గూడ గుంజుకపోయినయ్ సూడు, వారం సంది తగ్గుతనే ఉన్నయ్" అన్నాడు సాయన్న. "అంత దాని పనే."

నీళ్లు తగ్గాయా? కిందికి వంగి చూశాను. గోడ మీద పాచి గీత పైన ఎక్కడో ఉంది, నీళ్లు దానికి చాలా కింద ఉన్నాయి. ఆ మధ్య గోడ ఇంకా తడి ఆరలేదు. అంటే ఈ మధ్యే తగ్గాయి. ఎందుకు తగ్గాయి? నీళ్లు ఎటు నుంచి, ఎటు...

"అయ్యో నా మతి మండ! బస్తాలు!"

మా ఇసుక బస్తాలు! మేం బొమ్మ గీసుకోవడానికి వేసిన కట్ట! పండుగకు సెలవని అలాగే వదిలేసి, దాని సంగతే మరిచిపోయాం. నిమ్మకాయలన్నీ ఆ కట్ట దగ్గరే ఈదులాడుతూ ఉంటాయి. మా శాఖవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని వెధవ పని ఇది. బొమ్మలో కాలువ పారేట్టు గీస్తాం, నేల మీద దాన్ని మేమే ఆపేస్తాం!

"బసవరాజూ! బస్తాలు తీయండి! బస్తాలు!" అని అడవి వైపు తిరిగి అరిచాను. యూసుఫ్ మామ లుంగీ ఎత్తిపట్టి పరుగెత్తాడు. పైనుంచి "ఆయ్తు మేడమ్‌రీ!" అని బసవరాజు సరేనన్న కేక వినపడింది.

నేను సాయన్న వైపు తిరిగాను. "నీళ్లు ఆపింది నేను, నర్సమ్మ కాదు. నన్ను తిట్టండి. కానీ కొంచెం ఆగండి."

ఆగారు. ముందు మేడి మొక్క ఆకులు కదిలాయి. సందులోంచి ఎర్రటి బురదనీళ్లు గుడగుడమంటూ దూకాయి. బంతిపూల రెక్కలు వచ్చాయి. రొట్టెముక్క వచ్చింది. ఆ వెనక ఒక నిమ్మకాయ, కుంకుమతో! జనం ఒక్కసారిగా "ఓ!" అన్నారు. ఇంకొకటి, ఇంకొకటి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. నేను గట్టు మీద ఎగురుతున్నాను, ఏడుస్తున్నాను, ఏం చేస్తున్నానో నాకే తెలియదు.

"అగో పచ్చది!" అని ఎవరో అరిచారు.

పచ్చచీర పేలిక కట్టిన నిమ్మకాయ నీళ్ల మీద మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. మల్లమ్మ బొడ్డులోంచి తాళంచెవి తీసింది. తాళం తిరగలేదు, సాయన్న తీశాడు. బొక్కెనతో దాన్ని పైకి తీసుకుని ముడి చూసుకుంది. తన పంటి గాటు చూసుకుంది. చూస్తూనే ఉంది.

నర్సమ్మ లేచి నిలబడింది. నోటి మీది కొంగు తీసేసింది.

"నా పండ్లు రాలగొడ్తనన్నోళ్లు ఏరీ? ముందటికి రాన్రి!"

ఒక్కరూ రాలేదు. వెనకవాళ్లు కందిచేనులోకి జారుకోవడం మొదలుపెట్టారు. సాయన్న నేల చూస్తున్నాడు. మల్లమ్మ నిమ్మకాయ పట్టుకునే యారాలి దగ్గరికి వెళ్లింది.

"నర్సీ..."

"నాకు చెప్పుడు గాదు. ఈళ్లందరికి చెప్పు. పేరు వెట్టి చెప్పు. నన్ననేటప్పుడు ఊరంత ఇనేటట్టు అన్నవ్ గద!"

మల్లమ్మ జనం వైపు తిరిగింది. పోయేవాళ్లు ఆగారు. "మా నర్సమ్మ ఏం చెయ్యలె" అంది. మళ్లీ గట్టిగా, అడవి అంచుదాకా వినపడేలా అరిచింది. "మా నర్సమ్మ ఏం చెయ్యలె! నేనే తప్పు నింద ఏసిన!"

నర్సమ్మ కొంగు నడుముకు దోపుకుంది. పక్కకు చూస్తూ నిలబడింది. ముఖం ఇంకా కోపంగానే ఉంది, ఉండదా మరి?

"పొద్దుటి సంది ఏం తాగలే. నాలిక పిడచకట్టుకపోయింది" అంది మల్లమ్మ. "నువ్వు తోడి పోస్తవా? తాగుతా."

నర్సమ్మ ఆవిడ చేతిలోని నిమ్మకాయ తీసి గట్టు మీద పెట్టింది. తర్వాత బొక్కెన అందుకుని బావిలోకి వదిలింది. బురద తేరుకునేదాకా ఆగి, తోడి పైకి లాగింది. మల్లమ్మ వంగి దోసిలి పట్టింది. నర్సమ్మ పోసింది.